ఒకే గుడ్డతో అన్నీ తుడవకండి!

ముషీరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పొద్దున్నే చూడండి. ఒక బకెట్ నీళ్లు, ఒక పాత బనియన్ గుడ్డ, వరసగా కార్లు. టైరు తుడిచిన గుడ్డే బానెట్ మీదికి వస్తుంది. అదే కారు తార్నాక సిగ్నల్ దగ్గర ఎండలో ఆగితే పెయింట్ నిండా సన్నటి గుండ్రని గీతలు! "ఈ కంపెనీ పెయింటే అంతండీ" అనేస్తాం. తప్పు పెయింట్‌ది కాదు, మన ఎంపికది.

రంగును కాపాడే క్లియర్ కోటు మందం సుమారు 50 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. గుడ్డలో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు దాన్ని గీరడానికి. అందుకే మైక్రోఫైబర్ టవల్. ఇందులో పాలియెస్టర్, పాలియమైడ్ పోగులు సన్నగా చీలి ఉంటాయి. ఆ సందుల్లోకి నీళ్లూ దుమ్మూ చేరిపోతాయి. అయితే దాన్నీ తెలివిగా ఎంచుకోవాలి.

1. పనిని చూసి కొనండి. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో. బాడీ ఆరబెట్టడానికి 600 పైన ఉన్న మందపాటిది కావాలి. అద్దాలకు 300 దరిదాపుల్లో ఉన్న పలచటిది మేలు. ఖరీదైనదే అన్నిటికీ మంచిదనుకోవడం బద్ధకం. ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్లు పాలిటీనీ అర్థమెటిక్‌నీ ఒకే తీరుగా చదవరు కదా!

2. హద్దు గీయండి. చక్రాలకో రంగు, బాడీకో రంగు, అద్దాలకో రంగు. ఒకదాని మురికి ఇంకోదానికి అంటకూడదు. ఆఫీసు చిరాకును ఇంటి గుమ్మం దాటించకపోవడం కూడా ఈ క్రమశిక్షణే.

3. బలం వాడకండి. తడి బాడీ మీద టవల్ పరిచి మెల్లగా లాగండి, నీళ్లను అదే పీల్చుకుంటుంది. కానీ ఆలస్యం చేయొద్దు. బోరు నీళ్లు ఎండకు ఆరిపోతే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్ల మచ్చలుగా మిగులుతాయి. నీడలో కడగండి, వెంటనే ఆరబెట్టండి.

4. పనిముట్టును గౌరవించండి. నూలు బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ పోయొద్దు, అది పోగులకు పూతలా పట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. టవల్ కింద పడిందా? దులిపి మళ్లీ పెయింట్ మీద వేయకండి. ఉతికేదాకా దాన్ని పక్కన పెట్టండి.

ఈసారి షాపులో టవల్ తీసుకునే ముందు తిప్పి చూడండి. లేబుల్ మీద పోగుల పాళ్లు చదవండి, అంచు కుట్టు గరుకుగా ఉందేమో వేళ్లతో తడమండి. "ఇది ఏ పనికి?" అని అడగండి. జవాబు దొరక్కపోతే డబ్బులు తీయకండి. చిన్న వస్తువు దగ్గర ఈ ప్రశ్న అలవాటైతే పెద్ద నిర్ణయాల దగ్గర తడబడరు.