కిటికీ అద్దంపై పాత ఫిల్మ్ ఎందుకు మొండికేస్తుంది?

ఎండ తగిలే అద్దంపై అంటించిన నల్ల ఫిల్మ్ కొన్నేళ్లకు ఊదారంగుకు తిరుగుతుంది. అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విడగొట్టడమే కారణం. బుడగలు మాత్రం జిగురు పట్టు సడలిందనడానికి గుర్తు. అయినా లాగితే పీలికలుగా చిరుగుతుంది.

ఈ జిగురు పూర్తిగా ఘనమూ కాదు, ద్రవమూ కాదు. విసురుగా లాగితే బిగుసుకుంటుంది. మెల్లగా లాగితే సాగి వదులుతుంది. వేడి దాన్ని ఇంకా మెత్తబరుస్తుంది. అందుకే ఒక మూల నుంచి హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెడుతూ తాపీగా ఒలవాలి. హీట్ గన్ ఇంటి కిటికీకి అక్కర్లేదు. డ్రయ్యర్‌నూ ఒకేచోట ఆపకండి. గాజులో వేడి త్వరగా పాకదు. వేడెక్కిన చోటు వ్యాకోచిస్తే, ఆ లాగుడుకు చల్లని అంచు పగలొచ్చు.

మిగిలిన జిగురును సబ్బునీటితో నానబెట్టి గీకవచ్చు. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే మాత్రం బ్లీచింగ్ పౌడర్‌ను దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరమైన్ వాయువు పుడుతుంది.