గాయపడిన పక్షులకును జంతువులకును ఎప్పుడు, ఎట్లు తోడ్పడవలెను?

కొల్లేటి ప్రక్కను సేద్యము చేయు మనకు అడవి ప్రాణులతో పని యేమున్నదని పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదు. వట్లూరు, ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వఱకును వరిచేలలోను, చేపల చెఱువుల గట్లమీదను, తాటితోపులలోను గూడబాతులు, కొంగలు, గుడ్లగూబలు, నక్కలు, ముంగిసలు, జెఱ్ఱిపోతులు మనతోడనే కాపురముండుచున్నవి. వలలో చిక్కిన కొంగయో, కరెంటుతీగ తగిలి పడిన పక్షియో, గూటినుండి జాఱిన పిల్లయో ప్రతి రైతు కంటను ఎప్పుడో యొకప్పుడు పడుచునే యుండును. అప్పుడు కొందఱు జాలిచే దానిని ఇంటికి గొనిపోవుదురు. మఱికొందఱు కేసు వచ్చునని జడిసి, చూడనట్లు తొలగిపోవుదురు. ఈ రెండును తగిన పనులు కావు. ఎప్పుడు చేయి వేయవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో తెలుపుటకే యీ పాఠము వ్రాయుచున్నాము.

మన ప్రాంతపు పూర్వకథ

కేరళ పక్షులను గూర్చి గ్రంథము వ్రాసి పిదప ప్రసిద్ధికెక్కిన కె. కె. నీలకంఠన్ గారు 1946లో కొల్లేటి చేరువనున్న ఆరేడు గ్రామమున గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టుకొని పిల్లలను చేయుచుండుట కనుగొనిరి. అప్పుడచ్చట సుమారు 3000 గూడబాతులుండెను. 1975 ప్రాంతమునకు ఆ నివాసము పాడుపడెను. తరువాత 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరెను. నేడు కైకలూరు దాపున ఆటపాకలో గూళ్లకొఱకై నిలిపిన ఇనుప మంచెలమీద గూడబాతులు పిల్లలను పెంచుచున్నవి. ఒకమాఱు పోయిన పక్షులు మరల వచ్చుట అరుదైన భాగ్యము. దానిని నిలుపుకొనుట ప్రభుత్వమువలన మాత్రమే కాదు, చుట్టునున్న రైతుల మంచితనమువలనను జరుగవలెను.

ముందు చూడవలసినది

కంటబడగానే పట్టుకొనరాదు. దూరముగా నిలిచి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ ప్రాణి నిజముగా ఆపదలో నున్నదా? ఆ ఆపద మనుష్యులవలన కలిగినదా, లేక ప్రకృతిధర్మమా? మనకు హాని లేకుండ దగ్గఱకు పోగలమా?

నేలమీద గెంతుచున్న పిల్ల యెల్ల దిక్కులేనిది కాదు. ఱెక్కలు వచ్చిన పిల్లలు ఎగురుట నేర్చుకొనుచు నేలకు దిగుట సహజము. తల్లిదండ్రులు సమీపముననే యుండి మేపుచుండును. ఒక గంటసేపు దూరమునుండి చూడుడు. కుక్కలు, పిల్లులు తిరుగుచున్నచో పిల్లను తీసి దగ్గఱి కొమ్మమీద కూర్చుండబెట్టిన చాలును. ఱెక్కలు మొలవని పసిపిల్ల యైనచో, గూడు అందుబాటులో నున్న గూటిలోనే పెట్టుడు. మనుష్యుడు తాకిన పిల్లను తల్లి విడిచివేయునను మాట అపోహయే.

పక్షులు గుంపుగా గూళ్లు కట్టిన చోటికి మాత్రము పోరాదు. మనము అడుగిడగానే పెద్దపక్షులన్నియు లేచిపోవును. ఆ కొద్దిసేపటిలోనే గ్రుడ్లు, పిల్లలు ఎండకును కాకులకును గుఱియగును. ఒక్క పిల్లకు మేలు చేయబోయి నూఱు పిల్లలకు కీడు చేసినట్లగును. అచ్చటి కావలివారికి తెలుపవలెను. పాము కప్పను మ్రింగుచున్నను, గ్రద్ద పిల్లను తన్నుకొనిపోవుచున్నను అడ్డుపడ పనిలేదు. అది వాని ఆహారము.

నెత్తురు కాఱుట, ఱెక్క వ్రేలాడుట, దారమో గాలమో చిక్కుకొనుట, ఒంటికి చీమలు పట్టుట, మనిషి దగ్గఱకు వచ్చినను కదలకుండుట, పిల్లి కఱచుట, ఇవి సహాయము కావలయునని తెలుపు గుర్తులు. పిల్లి కఱచినచో గాయము చిన్నదైనను విషమించును గనుక ఉపేక్షింపరాదు.

పక్షిని పట్టు విధము

మొదట అటవీశాఖవారికిగాని సమీపమందలి పశువైద్యునికిగాని ఫోనులో తెలిపి, వారు చెప్పినట్లు చేయుట ఉత్తమము. వారు వచ్చులోపల చేయదగినది కొంచెమే. వెనుకనుండి వచ్చి తువ్వాలు కప్పి, ఱెక్కలు ఒంటికి మడిచి పట్టుకొనవలెను. కన్నులు మూసినచో పక్షి నెమ్మదించును. కొంగలు ముక్కుతో కంటిని పొడుచును గనుక తలను మన ముఖమునకు దూరముగా నుంచవలెను. గూడబాతు ముక్కును గట్టిగా కట్టివేయరాదు. దానికి ఊపిరాడవలెను. వలలో చిక్కినచో వలను లాగక, దారమును కత్తెరతో కత్తిరింపవలెను. లోతుగా దిగిన గాలమును పెఱికివేయక, దారము మాత్రము త్రెంచి వైద్యునికి విడువవలెను. పిమ్మట గాలియాడు రంధ్రములుగల అట్టపెట్టెలో ఉంచి, నీడగా, సద్దులేని చోట పెట్టవలెను. పిల్లలను చుట్టు చేరనీయరాదు. మనుష్యభయముచేతనే పెక్కు పక్షులు చనిపోవును.

నోటిలో నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణము తీయును. పాలు, అన్నము పెట్టరాదు. పశువుల మందులు వేయరాదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు కళేబరములద్వారా రాబందులను నశింపజేసినందున 2006లో ప్రభుత్వము దానిని పశువైద్యమున నిషేధించెను. మనము మేలని యిచ్చునది వాటికి విషము కావచ్చును. బ్రదుకదని తోచిన ప్రాణిని బాధ తీర్చుటకై చంపుటకు మనకు అధికారము లేదు. ఆ నిర్ణయము అధికారులును వైద్యులును చేయవలసినది.

చేయి వేయరాని సందర్భములు

నక్క, ముంగిస, కోతి, నీటికుక్క, పాము గాయపడియున్నచో ముట్టక, జనమును దూరముగా నుంచి, అధికారులకు తెలుపుడు. నక్కలకును ముంగిసలకును పిచ్చికుక్కవ్యాధి రావచ్చును. కఱచినను గీఱినను ఆ చోటును వెంటనే సబ్బుతో పదునైదు నిమిషములు పాఱునీట కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఆ వ్యాధి పైకి కనబడిన తరువాత బ్రదుకుట మిక్కిలి అరుదు.

పెక్కు పక్షులు ఒకేచోట చచ్చిపడియున్నచో అది వేఱు సంగతి. 2025 ఫిబ్రవరిలో తణుకు దాపున వేల్పూరులోను, ఉంగుటూరు మండలములోని బాదంపూడిలోను కోళ్లకు బర్డుఫ్లూ తగిలినట్లు నిర్ధారణయైనది మనము ఎఱుగుదుము. అట్టిచోట దేనిని ముట్టరాదు, తినరాదు, చెఱువులో పాఱవేయరాదు. 2021 చివరను 2022 మొదటను శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున గూడబాతులు చనిపోగా, పరీక్షలో కడుపులో నులిపురుగులు కనబడినవి. పరీక్షచేతనే కారణము తెలియును గనుక ఆలస్యము లేకుండ తెలుపుటయే మన సహాయము.

చట్టమును గూర్చిన భయము

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద అడవి ప్రాణిని పట్టుటయు వేటగానే యెంచబడును. కాని చట్టమే దారియు చూపినది. అట్టి ప్రాణి ఎవరిచేతికైన వచ్చినచో 48 గంటలలోపల సమీపమందలి పోలీసుస్టేషనులోగాని అధికారముగల ఉద్యోగికిగాని తెలిపి, కోరినప్పుడు అప్పగింపవలెను. కాబట్టి పట్టుకొనిన పిదప తెలుపుట కంటె ముందే తెలుపుట మేలు. ముద్దుకొఱకు ఇంట పెంచుకొనుట మాత్రము నేరము. బాగుపడిన పక్షి తన చోటికి తాను పోవుటయే మన ఉద్దేశము కావలెను.

సంఘము చేయదగినది

చేపల చెఱువులుగల సభ్యులకు గూడబాతులపై కోపము కలదు. నష్టము కలుగుట నిజమే. కాని వదులుగా వ్రేలాడు సన్నని నైలాను వలలో పక్షి కంఠము బిగిసి చచ్చును, వలయు చినుగును. బిగువుగా కట్టిన, కంటికి కనబడు వల చేపలను కాపాడును, పక్షిని చంపదు. తెగిన గాలములు, వలపీలికలు గట్టుమీద విడువక ప్రోగుచేయవలెను. గుడ్లగూబయు జెఱ్ఱిపోతును పంటనుతిను ఎలుకలను పట్టునని మఱువరాదు.

ప్రతి సంఘకార్యాలయమునను ఒక అట్టపెట్టె, పాత దుప్పటి, కత్తెర, మందపు చేతితొడుగులు ఉంచి, అటవీశాఖ ఉద్యోగి యొక్కయు పశువైద్యుని యొక్కయు ఫోను నెంబర్లు గోడమీద వ్రాయింపవలెను. కర్ణాటకములోని కొక్కరెబెళ్లూరున గ్రామస్థులు గూటినుండి పడిన గూడబాతు పిల్లలను ఒక దొడ్డిలో ఉంచి, పెద్దవైన పిదప విడిచిపెట్టుచు పేరుపొందిరి. వారును మనవంటి పల్లెవారే. వారు ప్రకృతి పరిశోధకుల తోడ్పాటుతో, ఒక క్రమముతో చేసిరి. జాలి మంచిది, దానికి క్రమము తోడైననే ఫలించును. ఈ విషయమును సభ్యులు తమ తరువాతి సమావేశమున చర్చించి, తమ గ్రామమున ఈ పెట్టెను ఎవరివద్ద ఉంచవలెనో, ఎవరు ఫోను చేయవలెనో నిర్ణయింతురుగాక యని కోరుచున్నాము.