లెస్టర్‌లో ఉన్న మా అమ్ములుకి

అమ్ములూ,

నువ్వు పంపిన పాటలన్నీ విన్నానమ్మా, రెండు వైపులూ వరసగా, మధ్యలో వంటింట్లోకి కూడా వెళ్ళకుండా. పెద్దమ్మకి ఇంగ్లీషు రాక్ ఎక్కుతుందో లేదో అని మీ అమ్మతో అన్నావట. పున్నమ్మతోట రేడియో స్టేషన్లో రికార్డుల బీరువాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, ముల్లు కింద ఏ భాష తిరిగినా నా చెవి దానంతటదే అటు పోతుంది.

పాటల కంటే ముందు నీ సంగతి చెప్పనీ. చారిటీ షాపులో నాలుగైదు పౌండ్లకి కొన్న ఈ స్ప్రింగ్ అనే బృందం రికార్డు, 1971 నాటి తొలి అచ్చయితే వందల పౌండ్లు పలుకుతుందని తెలిసి, నువ్వు చలిలో మళ్ళీ ఆ షాపుకి నడిచి వెళ్ళి కౌంటర్లో ఉన్న పెద్దావిడకి ఆ మాట చెప్పి వచ్చావట, ఆవిడ నవ్వి నీదే ఉంచుకోమంటే హుండీలో ఇంకో పది పౌండ్లు వేశావట. మీ అమ్మ ఫోన్లో ఈ ముక్క చెప్పినప్పటి నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. చిన్నప్పుడూ అంతే నువ్వు, కొట్టువాడు చిల్లర ఎక్కువిస్తే వీధి చివర్నుంచి వెనక్కి పరిగెత్తేదానివి.

ఆ అట్ట ఫోటో చూశాను. మూడు మడతలు విప్పితే నీటి ఒడ్డున పడి ఉన్న ఎర్రకోటు సిపాయి, మెత్తటి రంగులు, మొదట అందంగా అనిపించి తర్వాత గుండె పట్టేసే బొమ్మ. తీసినాయన కీఫ్ అట, బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డు అట్టా ఆయనదే. వెనక ఉన్న పేర్లన్నీ వెతికి చదివాను, నా పాత అలవాటు పోతుందా! ఆ బృందం మీ ఊరిదే అమ్ములూ, లెస్టర్‌ది. వేల్స్‌లో రాక్‌ఫీల్డ్ అని, వార్డ్ అన్నదమ్ములు తమ పాడి పశువుల కమతాన్నే స్టూడియోగా మార్చిన చోటు, అక్కడ చేశారు. నిర్మాత గస్ డజన్, అంతకుముందే 1969లో బోవీ ‘స్పేస్ ఆడిటీ’ చేసినవాడు. ఇంత మంచి చేయి పడినా రికార్డు అమ్ముడుపోలేదు. రెండోది మొదలుపెట్టి, అది బయటికి రాకముందే విడిపోయారు.

ఇక ఆ తీగల మోత. వయొలిన్లు వందా అని అడిగావు కదా, ఒక్కటీ లేదమ్మా, అది మెలోట్రాన్. బర్మింగ్‌హామ్‌లో తయారైన వాద్యం, చూడ్డానికి హార్మోనియానికి పెద్దక్క. ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క ఉంటుంది, దాని మీద ఎవరో ఎప్పుడో వాయించిన ఒక్క స్వరం. మెట్టు నొక్కితే ఆ ముక్క హెడ్ మీదుగా సాగుతుంది, ఎనిమిది సెకన్లకి అయిపోతుంది, వేలు తీసి మళ్ళీ నొక్కాలి. సాధారణంగా ఒకరు వాయించే దాన్ని ఈ బృందంలోని ఐదుగురిలో ముగ్గురు వాయించారు. ఆ తీగల శబ్దంలో సన్నటి వణుకు వింటున్నావే, అది టేపు వణుకు. ఏళ్ళ తరబడి టేపుని బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించినదాన్ని, ఆ వణుకు వినగానే నా వేళ్ళకి తెలిసిపోయింది.

అది వింటున్నంతసేపూ, ఆ టేపు మీద కమాను లాగినవాళ్ళెవరా అన్న ఆలోచనే. వాళ్ళ పేర్లు ఏ అట్ట మీదా లేవు. మా స్టేషన్లో నిలయ విద్వాంసులు ఉండేవాళ్ళు, లలిత సంగీతానికీ నాటకానికీ ఎవరొచ్చి పాడినా వెనక వాళ్ళే వాయించాలి, పాడినవాళ్ళ పేరు చెప్పేసరికే టైమైపోయేది. నీకు జ్ఞాపకం ఉందో లేదో, ఓ వేసవి సెలవుల్లో నిన్ను వెంట తీసుకెళ్తే, రికార్డింగ్ అయ్యాక అందరూ గాయని చుట్టూ మూగితే నువ్వొక్కదానివీ మూల కూర్చుని కమానుకి రోజనం రాసుకుంటున్న వయొలిన్ తాతగారి దగ్గరికి గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకెళ్ళావు, గౌను మీద సగం ఒలకబోసుకుంటూ. ఆయన నీ ఒక్కదాని కోసం పెట్టెలో పెట్టేసిన వయొలిన్ మళ్ళీ తీసి హంసధ్వని వాయించారు. నువ్వు కదలకుండా చివరిదాకా విన్నావు. ఇప్పుడు ఎవరికీ పట్టని రికార్డుల్ని ఏరి తెచ్చుకుంటున్నావంటే నాకేమీ వింతగా లేదు.

ఆ కుర్రాళ్ళు ఏమయ్యారో కూడా చూశాను. డ్రమ్స్ వాయించిన పిక్ విథర్స్ తర్వాత డైర్ స్ట్రెయిట్స్‌లో చేరాడు, ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’లో వినపడే ఆ తేలిక చేయి ఆయనదే. పాడిన పాట్ మోరన్ అదే రాక్‌ఫీల్డ్‌లో అద్దం ఇవతల కూర్చుని ఇతరుల పాటలు రికార్డు చేశాడు, 1982లో రాబర్ట్ ప్లాంట్ తొలి సొంత ఆల్బమ్‌కి ఇంజనీరు ఆయనే. తమ పేరు నిలవకపోయినా పని వదల్లేదు, పక్కవాళ్ళ పాట బాగా రావడానికి చెవి పెట్టారు. నాకు ఆ రికార్డు కంటే ఇదే ఎక్కువ నచ్చింది. సరైన ఉద్యోగం ఇంకా రాలేదని మొన్న గొంతు డీలా చేసుకున్నావు కదూ? నీ పని నువ్వు శ్రద్ధగా చేస్తూనే ఉంటావు, నిన్ను ఎరిగినదాన్ని కనుక చెబుతున్నా. రాత్రి షిఫ్టులు మాత్రం కాస్త తగ్గించుకోవే, నిద్ర లేకపోతే నీకు వెంటనే జలుబు చేస్తుంది.

నీ సెకండ్‌హ్యాండ్ ప్లేయరుకి ముల్లు కొత్తది వేయించు, అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది. రికార్డుని అంచులతోనే పట్టుకో. ఒకదాని మీద ఒకటి పేర్చకు, వంగిపోతాయి, పుస్తకాల్లా నిలబెట్టు. రెండో వైపున దూరమైన స్నేహితుల మీద పియానోతో వచ్చే ఆ చిన్న పాట ఉందే, ‘సాంగ్ టు ఆబ్సెంట్ ఫ్రెండ్స్’, అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని అదొక్కటే పదే పదే పెట్టుకోకు, పొద్దున పెట్టుకో.

షాపు పెద్దావిడ ఆ రికార్డు ఎప్పుడూ విననేలేదన్నావు. వచ్చే ఆదివారం ఆవిడని నీ గదికి పిలువు. అన్నం, ముద్దపప్పు, కారం తగ్గించి వంకాయ కూర చెయ్యి, నెయ్యి పోసి పెట్టు, తర్వాత రెండు వైపులూ వినిపించు. ఆవిడ ఏమందో నాకు రాయి.

నీ పెద్దమ్మ