ఈ వారం పాఠం: చెరువు నీటికి లెక్క కడదాం



మల్బరీకి బోరు నీళ్లిస్తుంది, సరే. మరి బోరుకు ఎవరిస్తున్నారు? మన బీదర్ గుట్ట మీద పైన ఎర్రటి లేటరైటు, కింద నల్లరాయి. వాన నీరు లేటరైటులోకి ఇంకి నల్లరాయి మీద నిలుస్తుంది. ఇది తెలిసే 15వ శతాబ్దంలో, బహమనీల కాలంలో, నౌబాద్ దగ్గర భూమి లోపల సొరంగం తవ్వి ఆ నీటిని పల్లానికి పారించారు. అదే కరేజ్, సురంగ బావి. మోటారు లేదు, కరెంటు లేదు. పైన నీరు ఇంకే జాగా పూడితే మాత్రం సురంగమూ ఎండుతుంది, మన బోరూ ఎండుతుంది.

*లెక్క*
2022లో మొదలైన అమృత్ సరోవర్ పథకం ప్రకారం ఒక చెరువు కనీసం ఎకరం ఉండాలి, 10,000 ఘనపు మీటర్ల నీరు పట్టాలి. అంటే కోటి లీటర్లు. ఎకరం మల్బరీకి 5 సెంటీమీటర్ల తడి పెడితే సుమారు 2 లక్షల లీటర్లు. చెరువులో సగం నీరే భూమిలోకి ఇంకినా 25 తడులు.

మీ ఊళ్లో 5,000 లీటర్ల ట్యాంకరు ధరను 40తో గుణించండి. ఎకరానికి ఒక్క తడి ఖర్చు అంత! తడి తప్పితే ఆకు గట్టిపడుతుంది, పురుగు సరిగా మేయదు, గూడు పలచబడుతుంది. పశువుల నీళ్లు, చేపలు, పూడిక మట్టి ఈ లెక్కలో ఇంకా కలపలేదు.

*చట్టం ఏమంటుంది?*
కర్ణాటకలో చెరువుల సంరక్షణకు 2014 చట్టం ఉంది. చెరువు భూమి ఆక్రమించడం, చెత్త పోయడం, మురుగు వదలడం నేరం. పక్క తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులే పొలాలకు తోలుకున్నారు.

*మనం చేయాల్సింది*
1. వానలకు ముందే చెరువులోకి నీరొచ్చే కాలువలు బాగుచేయాలి.
2. చెరువు హద్దులు సర్వే చేయించమని పంచాయతీకి అందరం కలిసి అర్జీ ఇవ్వాలి.
3. మట్టి పరీక్ష చేయించాకే పూడిక మట్టి తోటకు తోలాలి. మురుగు చేరే చెరువు మట్టి వద్దు.
4. షెడ్డు కడిగిన బ్లీచింగు, ఫార్మాలిన్ నీళ్లు చెరువు వైపు పోనివ్వకూడదు. రోగం తగిలిన పురుగులను దూరంగా పూడ్చాలి.

ఇంటిపని: మీ ఊరి ట్యాంకరు లెక్క కట్టి గ్రూపులో పెట్టండి. ఆ అంకెనే అర్జీలో రాద్దాం.