జలకన్య ఊపిరి - మనకొక పాఠం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. మేము ఫిజిక్స్‌లో పీజీ చదివాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. కాబట్టి ఏ శాస్త్రవేత్త గురించో రాస్తామని మీరు అనుకొని ఉంటారు. కానీ మేము ఎగ్జిబిషన్‌లో చూసిన జలకన్య గురించి రాస్తున్నాం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నంద్యాలలో చూసినది

ఈ మధ్య మన పట్టణాల ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్, అప్పడాల అంగళ్లతో పాటు జలకన్య ప్రదర్శనలు కూడా వస్తున్నాయి. నంద్యాలలో మేమూ టికెట్టు కొని చూశాం. పెద్ద అద్దాల తొట్టి, అందులో చేప తోక తొడుక్కున్న ఒక అమ్మాయి. తిరుగుతోంది, పల్టీ కొడుతోంది, పిల్లలకు చెయ్యి ఊపుతోంది. మధ్యమధ్య పైకి వెళ్లి గాలి పీల్చుకొని వస్తోంది. ఒక చిన్నపిల్ల "అక్కకు కాళ్లు లేవామ్మా?" అని అడిగింది. కొందరు ఈలలు వేశారు, అద్దం మీద కొట్టారు. నిజం చెప్పాలంటే మేమూ నవ్వాం.

ఆట అయిపోయాక డేరా పక్కన ఆ అమ్మాయినే చూశాం. తువ్వాలు కప్పుకొని వణుకుతోంది. కళ్లు ఎర్రబడ్డాయి. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని ఉంది. తోక పక్కన కుర్చీ మీద నీళ్లు కారుతోంది. ఇంకో గంటకు మళ్లీ దిగాలట. ఇది వింత కాదు, ఉద్యోగం అని మాకు అప్పుడు అర్థమైంది. తిరునాళ్లలో అద్దాల మాయతో నాగకన్యను చూపిస్తారు. ఇక్కడ తోక ఒక్కటే వేషం. బిగబట్టిన ఊపిరి మాత్రం నిజం.

ఈ వృత్తి ఎలా వచ్చింది?

సగం మనిషి, సగం చేప రూపం మనకు కొత్త కాదు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే దశావతారాలలో మత్స్యావతారం అదే కదా. 1996లో వచ్చిన 'సాహసవీరుడు సాగరకన్య' సినిమాలో శిల్పాశెట్టిని మన పెద్దవాళ్లు చూసే ఉంటారు.

దీన్ని ప్రదర్శనగా మార్చిన తొలివారిలో ఆస్ట్రేలియా ఈతగత్తె ఆనెట్ కెల్లర్‌మన్ ఒకరు. చిన్నప్పుడు ఆమె కాళ్లు బలహీనం. కాళ్లకు బలం రావడానికే ఈత నేర్పించారు. ఆ కాళ్లతోనే 1907లో న్యూయార్క్‌లో అద్దాల తొట్టిలో నీటి కింద నృత్యం చేసింది.

తర్వాత మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే, అక్టోబరు 13న, అమెరికాలోని ఫ్లోరిడాలో వీకీ వాచీ అనే నీటి ఊట దగ్గర జలకన్యల ప్రదర్శన మొదలైంది. దాన్ని ప్రారంభించిన న్యూటన్ పెర్రీ నౌకాదళం వారికి ఈత నేర్పినవాడు. గాలి వచ్చే రబ్బరు గొట్టం నుంచి ఒక గుక్క పీల్చుకొని, గొట్టం వదిలేసి నాట్యం చేయడం ఆయన అమ్మాయిలకు నేర్పాడు. మన మహానంది కోనేరులో అడుగున ఉన్న రాయి కూడా కనిపిస్తుంది చూడండి, అక్కడి నీళ్లూ అలా తేటగా ఉంటాయి. అందుకే అది కుదిరింది. ఆ ఊట 2008లో రాష్ట్ర ప్రభుత్వ పార్కు అయింది. 2020లో ప్యాడి అనే డైవింగ్ శిక్షణ సంస్థ జలకన్యల కోసమే కోర్సులు పెట్టింది. అంటే దీనికీ చదువు, పరీక్ష ఉన్నాయన్నమాట.

తొట్టిలో ఉన్న ఫిజిక్స్

1. తోక: చేప తోకను పక్కలకు ఆడిస్తుంది. జలకన్య డాల్ఫిన్ లాగా పైకీ కిందికీ ఆడిస్తుంది. మనిషి నడుము అలాగే బాగా వంగుతుంది కనుక. రెండు కాళ్లూ ఒకే తొడుగులో బిగించి ఉంటాయి. ఏదైనా జరిగితే కాళ్లు విడదీసి కొట్టుకోవడానికి వీలుండదు.

2. చూపు: గాలిలో నుంచి కంటిలోకి వచ్చే వెలుగు బాగా వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం (1.33) కంటి పొరకు దగ్గరగా ఉండటం వల్ల నీటిలో అంతగా వంగదు. కళ్లద్దాలు లేకుండా దిగిన జలకన్యకు మనం మసకగా కనిపిస్తాం. సరిగా కనిపించని జనానికే ఆమె నవ్వుతోంది.

3. చెవులు: 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 3 మీటర్ల తొట్టిలోనే చెవులు నొప్పి పెడతాయి. ముక్కు మూసి మెల్లగా ఊది పీడనం సరిచేసుకోవాలి.

4. చలి: నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఆ అమ్మాయి వణుకుకు కారణం ఇదే.

5. ఊపిరి: ఇది అన్నిటికంటే ముఖ్యం. ఊపిరి తీసుకోవాలనే తహతహ ఆక్సిజన్ తగ్గినందువల్ల కాదు, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందువల్ల పుడుతుంది. దిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. అప్పుడు లోపల ఆక్సిజన్ అయిపోతున్నా తహతహ రాదు. ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. అందుకే శిక్షణ ఉన్న జలకన్య అలా చేయదు. ఆమెను కాపాడటానికి పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి.

కేసీ కాలువలో మా మిత్రుడు

ఈ అయిదో పాఠం మాకు పుస్తకం కంటే ముందే ఎదురైంది. మేము 9వ తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం కేసీ కాలువలో పందెం వేసుకున్నాం, ఎవరు ఎక్కువసేపు మునుగుతారని. మా మిత్రుడు గెలవాలని పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి మునిగాడు. అరవలేదు, చేతులు కొట్టలేదు. బుడగలు కూడా రాలేదు. మేము గట్టున అంకెలు లెక్కపెడుతూ చప్పట్లు కొట్టాం. బర్రెలు కాచుకునే ఒక పెద్దాయన "ఒరేయ్, వాడు ఆడుకోవడం లేదురా!" అని దూకి జుట్టు పట్టి పైకి లాగాడు. వాడు బతికాడు. భయపడి మేము ఎవరికీ చెప్పలేదు. ఏం జరిగిందో డిగ్రీలో చదివాకే తెలిసింది.

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు ఎగ్జిబిషన్ చూసిన తమ్ముళ్లు బకెట్లో తల ముంచి "జలకన్య పందెం" ఆడుతున్నారు. ఎండాకాలం వస్తే ఇదే ఆట కాలువకు చేరుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

గుర్తుంచుకోండి

• ఊపిరి బిగబట్టే పందేలు నీటిలో ఎప్పుడూ వద్దు. బకెట్లో కూడా వద్దు.

• ఒంటరిగా దిగవద్దు. ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉంటేనే నేర్చుకోండి. ఆడపిల్లలూ నేర్చుకోవాలి.

• మునిగేవాడు అరవడు. నిశ్శబ్దంగా ఉంటే అనుమానించండి.

• ఈత రాకపోతే దూకవద్దు. చీర, తాడు, కట్టె అందించండి, కేకలు వేయండి, 108కి ఫోన్ చేయండి.

చివరగా ఒక మాట. మా నాయన ఆళ్లగడ్డలో రాతి పని చేసే కూలీ. రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మూతికి తడిగుడ్డ కట్టుకుంటాడు. జలకన్య సంగతి చెబితే నవ్వుతాడనుకున్నాం. కాసేపు ఆగి, "పాపం, ఆ బిడ్డ కూడా ఊపిరి కాచుకుంటానే బతుకుతాంది" అన్నాడు. ఈసారి జలకన్యను చూడటానికి వెళ్తే అద్దం మీద కొట్టకండి, ఈలలు వేయకండి. ఆట అయ్యాక చప్పట్లు కొట్టండి. కాలువ గట్టున మాత్రం చప్పట్లు కొట్టే ముందు నీళ్ల వైపు చూడండి.

ఇట్లు,
మీ హాస్టల్ పాత విద్యార్థి