చిన్న సైకిలే ముందు నడవాలి

ఆదివారం పొద్దున్నే కుటుంబమంతా సైకిళ్లెక్కి బయటికెళ్లాలన్న ఆలోచన చాలా ఇళ్లలో పుడుతుంది. రెండు మూడు వారాలకే అటకెక్కుతుంది. ఎండనో, ట్రాఫిక్‌నో, బద్ధకాన్నో తప్పుపడతాం. చాలాసార్లు అసలు కారణం వేరే. పెద్దవాళ్లు తమ వ్యాయామం లెక్క వేసుకుని బయల్దేరతారు: గంటలో పది కిలోమీటర్లు. ఐదేళ్ల పిల్లకు ఆ లెక్కతో పనేముంది? దారిలో గొంగళిపురుగు కనబడితే తను ఆగాలి. గేదె అడ్డొస్తే అది వెళ్లేదాకా చూడాలి. "పద, పద" అని నాలుగుసార్లు తొందరపెట్టారా, తర్వాతి ఆదివారం తనకు కడుపునొప్పి వస్తుంది.

అందుకే ఇంట్లోంచి అడుగు బయట పెట్టకముందే ఒక్క మాట తేల్చుకోండి: ఈ ప్రయాణం ఎవరిది? ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లది. వేగం వాళ్లదే, దూరం వాళ్లదే, ఆగే చోటూ వాళ్లదే. మీ వ్యాయామం ఇంకో రోజు చేసుకోండి.

ఏడాది నిండని బిడ్డను సైకిల్ మీద ఎక్కించనే వద్దు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ ఇదే. ఆ వయసులో మెడ కుదుపులకు ఆగదు, హెల్మెట్ బరువూ మోయలేదు. ఏడాది దాటాక, బిడ్డ ఆసరా లేకుండా నిటారుగా కూర్చుంటుంటే, బెల్టులున్న పిల్లల సీటు బిగించుకోవచ్చు. ఉత్త క్యారియర్ మీద తువ్వాలు మడిచి కూర్చోబెట్టే అలవాటును మాత్రం నేను ఒప్పుకోను. సైకిల్ ఊపుకు పిల్లలకు పది నిమిషాల్లో కునుకు పడుతుంది. కాళ్లు వేలాడతాయి. మడమ చక్రం పుల్లల్లో పడిందంటే చర్మం చీరుకుపోతుంది, ఒక్కోసారి ఎముకా విరుగుతుంది. ఎముకల డాక్టర్లకు బాగా తెలిసిన గాయమే ఇది. సీటు కొనేటప్పుడు రంగు తర్వాత చూద్దురుగాని. పాదం దిగే గిన్నెలాంటి భాగం ఉందా, పాదాన్ని కట్టే పట్టీ ఉందా, పుల్లలకు పక్కనుంచి అడ్డు ఉందా? ముందు ఈ మూడూ చేత్తో తడిమి చూడండి.

సొంతంగా తొక్కాలన్న ఆశ రెండు మూడేళ్లకే మొదలవుతుంది. అక్కడే అందరం పక్క చక్రాలున్న సైకిల్ కొంటాం. కొనకండి. పక్క చక్రాలున్న సైకిల్ ఒరగదు. ఎటు పడబోతుంటే అటు హ్యాండిల్ తిప్పి నిలదొక్కుకోవడమే సైకిల్ విద్య. ఒరగని సైకిల్ ఆ విద్య నేర్పలేదు. పెడల్స్ తొక్కడం తేలిక, ఎప్పుడైనా వస్తుంది. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపించిన రెండు చక్రాల బండికి అసలు పెడల్సే లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. మీ పిల్లలకూ అదే దారి. చిన్న సైకిల్‌కు పెడల్స్ విప్పించండి. మీరే విప్పేటట్లయితే గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. రెండు అరికాళ్లూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించండి. ఇక వదిలేయండి. మొదట నడుస్తారు, తర్వాత పరుగెత్తుతారు, ఒక రోజు రెండు కాళ్లూ ఎత్తేసి కాస్త దూరం జారుకుంటూ పోతారు. అది అలవాటయ్యాక పెడల్స్ బిగించండి.

ఆ రోజు కూడా హ్యాండిల్ పట్టుకోకండి, సీటూ పట్టుకోకండి. చంకల కింద చేతులుంచి బిడ్డను పట్టుకోండి. సైకిల్‌ను మీరు పడితే అది ఎటు ఒరుగుతోందో వాళ్లకు తెలియదు. బిడ్డను పడితే తెలుస్తుంది. పెంపకంలోనూ నేను నమ్మేది ఇదే: పిల్లలకు ధైర్యంగా మనం ఉండాలి కానీ, వాళ్ల హ్యాండిల్ మన చేతిలో ఉండకూడదు.

హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీ కింద ఒక వేలు దూరాలి, అంతకంటే వదులు పనికిరాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా పక్కన పడేయాల్సిందే. పెద్దవాళ్లూ పెట్టుకోండి. నాన్న తల మీద లేనిది నా తల మీద ఎందుకని పిల్లలు అడిగితే జవాబు ఉండదు.

ఎక్కడికెళ్లాలి? మొదట కాలనీలో బండ్లు తిరగని చివరి వీధి, లేదా హైస్కూల్ గ్రౌండు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. పైన సోలార్ పలకల నీడ ఉంటుంది. అక్కడ వేగంగా దూసుకొచ్చే పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి పిల్లలను ఎడమ అంచునే ఉంచండి. విశాఖలో తెల్లవారుజామున వాహనాలను ఆపే వేళ ఆర్కే బీచ్ రోడ్డు ఉండనే ఉంది. గోదావరి జిల్లాల కాలువ గట్లు ఎంత అందమైనవైనా, కొత్తగా నేర్చినవాళ్లకు హ్యాండిల్ ఇచ్చే చోటు కాదు. ఎండాకాలమైతే ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి.

ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. ఒక్కరే ఉంటే పిల్లల వెనక, కాస్త కుడివైపు. వచ్చే బండికి ముందు మీరు కనబడతారు, బిడ్డ మీ కళ్ల ముందుంటుంది. ఎదురుగా వచ్చే వాహనం ఎంత వేగంగా వస్తోందో అంచనా కట్టడం చిన్నపిల్లల వల్ల కాదు. ఎంత బాగా తొక్కినా మెయిన్ రోడ్డు దాటేటప్పుడు దిగి, నడిపించుకుంటూ దాటాల్సిందే. కుక్క వెంటపడితే వేగం పెంచొద్దని ముందే చెప్పి ఉంచండి. ఆగి, దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డు పెట్టుకుని నెమ్మదిగా నడవాలి. ఇంటి దగ్గర రెండుసార్లు ఆటలా చేయించండి.

నెదర్లాండ్స్‌లో పిల్లలు బడికి సైకిళ్ల మీద వెళ్తారని మెచ్చుకుంటాం. అది వాళ్లకు ఊరికే రాలేదు. 1971లో అక్కడి రోడ్ల మీద 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి పోరాడారు, ప్రభుత్వం మెడలు వంచి సైకిల్ దారులు వేయించుకున్నారు. మనం కనీసం అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో నోరు విప్పలేమా? ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా లోపలి రోడ్డు పిల్లలకు వదలండి, కార్లు నెమ్మదిగా తీయండి అని అడగడానికి నాలుగు కుటుంబాలు చాలు.

ఇక అమ్మల మాట. చిన్నప్పుడు అన్నయ్యలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతుంటే అరుగు మీద కూర్చుని చూసినవాళ్లు మనలో ఎంతమందో. ఇప్పుడూ కుటుంబం సైకిళ్ల మీద వెళ్తుంటే నీళ్ల సీసా పట్టుకుని గేటు దగ్గర నిలబడేది వాళ్లే. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటే వేలాది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. కూలీకి వెళ్లేవాళ్లు, పిల్లల తల్లులు, చీరలతోనే నేర్చుకున్నారు. మీ వయసు ఎంతైనా పద్ధతి పిల్లలదే: సీటు దించడం, నేలను తన్నడం, జారడం. చున్నీ, కొంగు చైన్‌లో పడకుండా నడుముకు బిగించుకోండి. పాపకు పెడల్స్ విప్పించడానికి సైకిల్ షాపుకు వెళ్లినప్పుడే మీ సైకిల్‌నూ తీసుకెళ్లండి, దాని పెడల్స్ కూడా విప్పమనండి.