పండు నాణ్యతే కెరీర్

ఒకే చెట్టుకు కాసిన రెండు ఆపిల్ పండ్లలో పోషకాలు ఒకేలా ఉండవు. ఎండ బాగా తగిలిన పండు తొక్కలో ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు, క్వెర్సెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు ఎక్కువ. గుబురు లోపల నీడన పెరిగిన పండులో అవి తక్కువ. కోశాక పండుకు పోషకాలు పెద్దగా చేర్చలేం, ఉన్నవాటిని కాపాడుకోగలం అంతే. అందుకే తోట దశలోనే నాణ్యతను తీర్చిదిద్దే ఫ్రూట్ సైన్స్ నిపుణుల అవసరం ఎంతో ఉంది. బైపీసీ విద్యార్థులు మనసు పెట్టి ఎంచుకోదగిన రంగమిది.

పని ఎలా ఉంటుంది?

చలికాలపు కత్తిరింపులతో కొమ్మల మధ్యకు వెలుతురు రప్పించాలి. పిందెలు పలచన చేయాలి. మరీ పలచన చేస్తే కాయ పెరిగి, అందులో కాల్షియం సాంద్రత తగ్గుతుంది. నత్రజని అతిగా వేస్తే ఆకు గుబురై రంగు రాదు, కాల్షియం లోపమూ పెరుగుతుంది. దాంతో తొక్క కింద గోధుమరంగు మచ్చలు పడతాయి. దీన్నే బిట్టర్ పిట్ అంటారు. ఎరువుల మోతాదు సరిచూసి, కాయలపై కాల్షియం క్లోరైడ్ పిచికారీ చేయించడం నిపుణుల పని.

కోత సమయాన్ని తేల్చేది అయోడిన్ పరీక్ష. కాయను అడ్డంగా కోసి ద్రావణంలో ముంచితే పిండిపదార్థం ఉన్నచోట నల్లబడుతుంది. పక్వానికి వచ్చేకొద్దీ నలుపు తగ్గడం గింజల దగ్గర మొదలై అంచులవైపు సాగుతుంది. ఆ నమూనా చూసి కోతకు రోజు చెప్పగలగాలి.

ఏం చదవాలి?

బీఎస్సీ (ఆనర్స్) హార్టికల్చర్ నాలుగేళ్ల కోర్సు. ఆంధ్రప్రదేశ్‌లో వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్ఆర్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ కోర్సు అందిస్తున్నాయి. ఆపిల్‌పైనే పట్టు కావాలంటే ఎమ్మెస్సీ ఫ్రూట్ సైన్స్‌కు హిమాచల్‌ప్రదేశ్‌లోని నౌణీలో ఉన్న వైఎస్ పర్మార్ విశ్వవిద్యాలయం, శ్రీనగర్‌లోని షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మంచి ఎంపికలు. అక్కడ రైతులతో మాట్లాడటానికి హిందీ ఉపయోగపడుతుంది. ఇప్పటి నుంచే నేర్చుకోండి.

ఉద్యోగాలెక్కడ?

నియంత్రిత వాతావరణ గిడ్డంగుల్లో నాణ్యత విభాగం, నర్సరీలు, ఎరువుల కంపెనీలు, ఆహార పరీక్షా ప్రయోగశాలలు, ఉద్యాన శాఖ, పరిశోధన సంస్థల్లో అవకాశాలుంటాయి. శాస్త్రవేత్త కావాలంటే పీహెచ్‌డీ చేసి ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సేవ) పరీక్ష రాయాలి. తక్కువ చలితో కాసే ఆపిల్ రకాలను తెలుగు రాష్ట్రాల్లోనూ ఆసిఫాబాద్ జిల్లాలో, లంబసింగిలో పెంచి చూశారు. వెలుతురు, ఎరువు, కోత సమయం లెక్కలు తెలిస్తే మామిడి, జామ తోటల్లోనూ పని దొరుకుతుంది.

ఇప్పుడే ఏం చేయాలి?

తీపిని కొలిచే చేతి రిఫ్రాక్టోమీటర్ సంపాదించండి. దగ్గర్లోని జామతోటలో ఒక చెట్టు ఎంచుకుని ఎండ తగిలే కాయలు, నీడకాయలు సమాన సంఖ్యలో కోసి రీడింగులు రాసుకోండి. ఇలాగే కొన్ని చెట్లు పూర్తయ్యేసరికి ఈ చదువు మీకు నచ్చుతుందో లేదో స్పష్టంగా తెలుస్తుంది.